చక్రం సందులో కొమ్మ

విమానం చక్రం సందులో చెట్టుకొమ్మ మొలవదు. ఎవరో తీసుకెళ్ళి విమానాన్ని చెట్టుకి రాస్తేనే అక్కడికి కొమ్మ వస్తుంది. ఈపాటి తెలివికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు.

ఆ ఉదయం పెద్దకోడలు షెడ్డులోకి వెళ్ళింది నల్లటేపు కోసం. కాక్‌పిట్‌లో చెవులకి తగిలించుకునే ఫోన్ల తీగ ఒకచోట చిట్లింది, రెండు చుట్లు చుడదామని. భర్త పనిముట్ల పెట్టె తెరిచి, పై అర ఎత్తి, కింద తడిమితే గ్రీజు గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి చేతికి తగిలింది. విప్పి చూస్తే మోచెయ్యంత కొమ్మ. ఆకులు వడిలాయి కాని ఇంకా పచ్చదనం పోలేదు. ఒక పక్క బెరడు నిలువునా చీరుకుపోయి ఉంది. ఆ చీలిక మీద టైరు రబ్బరు నల్లగా అంటుకుని ఉంది.

ఆమె భర్త వాళ్ళ ఇంటి విమానాల కంపెనీకి మెకానిక్. అప్పుడు రెక్క కింద వెల్లకిలా పడుకుని ఏదో బిగిస్తున్నాడు.

"ఏమండీ, ఇదేమిటి?"

అతను తల బయటికి పెట్టి చూశాడు. చూసి, తాబేలులా మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

"కొమ్మ," అన్నాడు రెక్క కిందనుంచి.

"కొమ్మని నాకూ కళ్ళున్నాయి. మీ పెట్టెలో ఎందుకుంది అని అడుగుతున్నా."

బిగించే చప్పుడు ఆగిపోయింది.

"ఎడమ చక్రం కాలికీ బ్రేకు గొట్టానికీ మధ్య ఇరుక్కుంది. సోమవారం తమ్ముడు తిరిగొచ్చాక చూశాను."

"సోమవారం! ఇవాళ శుక్రవారం. ఇన్నాళ్ళూ దీన్ని గుడ్డలో చుట్టి దాచారా? ఏం, నాటుదామనా?"

"గొడవెందుకులే అని... చక్రం బాగానే ఉంది, బ్రేకు బాగానే ఉంది. అన్నీ చూశాను. నాన్నకి తెలిస్తే వాణ్ణి చంపేస్తారు."

"మీ నాన్న చంపకపోతే కొండ చంపుతుంది. మీ తమ్ముణ్ణొక్కణ్ణే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. వెనకాల తొమ్మిదిమందిని కూచోబెట్టుకుని చస్తాడు కదండీ!"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొమ్మని అలాగే పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎదురుగా రన్‌వే. రన్‌వే చివర ఇటుకల బట్టీ గొట్టం సగమే కనిపిస్తోంది, పై సగం మబ్బులో ఉంది. దానికి ఎడమ పక్కన ఉండాల్సిన కొండ అసలు లేదు. ఉంది, కాని కనిపించడం లేదు. ఈ రెండు మాటలకీ తేడా తెలియని పైలట్లు ఎక్కువ కాలం బతకరు.

ఆ కొండని అక్కడివాళ్ళందరూ గూని అంటారు. ముసలిది వంగి నడుస్తున్నట్టు ఉంటుంది. వీపు, ఆ వీపుకీ తలకీ మధ్య సన్నటి మెడ. వీపు మీద తప్ప చుట్టుపక్కల ఎక్కడా పెద్ద చెట్లు లేవు. కింద ఉన్నవన్నీ మోకాలెత్తు తుప్పలే. కనుక ఆమె చేతిలో ఉన్న కొమ్మ ఎక్కడిదో అడగాల్సిన పని లేదు.

ఆ విమానాశ్రయానికి కంట్రోల్ టవర్ లేదు. ఒక రన్‌వే, ఒక షెడ్డు, ప్రయాణికులు కూచునే రేకుల గది, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డగొట్టం. అంతే. ఎక్కడో దూరాన పెద్ద నగరంలో కూచున్న కంట్రోలర్‌కి ఫోన్ చేస్తే, ఫలానా టైములోపల లేవండి, ఫలానా ఎత్తుకి ఎక్కండి, ఫలానా వైపు వెళ్ళండి అని అనుమతి ఇస్తాడు. నేల వదిలిన దగ్గరనుంచి అతని తెర మీద చుక్కగా కనిపించేదాకా ఎవరి తల వాళ్ళే కాసుకోవాలి. అందుకే పైలట్ల పుస్తకంలో ఆ రన్‌వేకి ఒక దారి ముద్రించి ఉంది. లేచాక ఎటూ తిరగకుండా నది వెంటే తిన్నగా పో, గూని నెత్తికంటే బాగా పైకి ఎక్కాకే ఎడమకి తిరుగు. నది చివర లోయ ఇరుకవుతుంది, కనుక ప్రతి మైలుకీ ఇంత ఎత్తు ఎక్కగలిగితేనే ఆ దారిన పో. ఎక్కలేనంత బరువుంటే బరువు దింపు. దింపనంటావా, మబ్బు విడిచేదాకా టీ తాగు.

ఎండ కాసే రోజున ఎవరూ ఆ దారిన పోయేవాళ్ళు కారు. వెళ్ళాల్సిన ఊరు గూనికి అవతలే ఉంది మరి. బట్టీ గొట్టం దాటాక పది అంకెలు లెక్కపెట్టి ఎడమకి వాలిస్తే, గూని మెడ మీదుగా తుర్రున అటుపడొచ్చు. ఆ లెక్క కనిపెట్టింది ఆమె మరిది. ఎండలో ఆమె కూడా వందసార్లు అలాగే తిరిగింది. ఎండలో అది లెక్క కానే కాదు, అంకెలు ఊరికే నోటికోసం. అసలు పని కళ్ళు చేస్తాయి. మబ్బులో కళ్ళు లేవు, గొట్టం లేదు, అంకెలొక్కటే మిగులుతాయి. నిండా బరువేసిన విమానం నేల ఆలస్యంగా వదులుతుంది, నిదానంగా ఎక్కుతుంది. లెక్క మాత్రం పదే.

సోమవారం కూడా మబ్బే. ఆ రోజు కుడిసీటులో కూచున్న కుర్రపైలట్ మర్నాడు జ్వరమని ఊరికి వెళ్ళాడు. ఇప్పటిదాకా రాలేదు. ఆ జ్వరం పేరేమిటో పెద్దకోడలికి ఇప్పుడు అర్థమైంది. అతని బదులు ఇవాళ కుడిసీటులో కూచోవలసింది తనే.

రేకుల గదిలో సందడిగా ఉంది. వాలీబాల్ ఆడే పిల్లలు ఎనిమిదిమంది, వాళ్ళ కోచ్. మధ్యాహ్నం అవతలి ఊళ్ళో ఆట. పిల్లలు గోడకి బంతి కొడుతుంటే కోచ్ అరుస్తోంది, "ఒసేయ్, అద్దం పగిలితే మీ చేత తుడిపిస్తా, ముందు చీపురు, తర్వాతే ఆట!"

మామగారు కౌంటర్ వెనక ఫోన్ దగ్గర కూచున్నారు. ఆయన ఒకప్పుడు బస్సుల యజమాని. బస్సులమ్మి విమానాలు కొన్నారు కాని బస్సుల బుద్ధి అమ్మలేదు. ఇప్పటికీ విమానం నిండకపోతే ఆయనకి అన్నం సహించదు. ఆ రోజు పిల్లలు కాక ఎవరివో మోటారు పంపుల పెట్టెలు కూడా ఎక్కించుకుంటానని ఒప్పుకున్నారు. మరిది కౌంటర్‌కి ఆనుకుని, తెల్లచొక్కా నలగకుండా నిలబడి టీ తాగుతున్నాడు.

"రా అమ్మాయ్, టైముకొచ్చావు," అన్నారు మామగారు. "పర్మిషన్ వచ్చేసింది. లేచి ఎడమకి తిరిగి ఊరివైపు పొమ్మన్నాడు. పదిన్నర లోపల లేవాలట. దాటితే మళ్ళీ మొదటికొస్తుంది. పదండి పదండి."

"మామయ్యగారూ, పంపుల పెట్టెలు దింపించండి. పుస్తకం దారిన వెళతాం. ఈ బరువుతో ఆ దారి ఎక్కలేం."

"ఎడమకి పొమ్మని ఆయనే చెప్పాడంటుంటే, పుస్తకం దారేమిటి?"

"ఎడమకి పొమ్మన్నాడు కాని ఎప్పుడు తిరగాలో చెప్పలేదు. కొండ దాటిస్తానని అసలే చెప్పలేదు."

ఆయన నవ్వారు. "చెక్‌పోస్టు వాడు చెయ్యి ఊపాక బస్సు ఆపి, బాబూ ముందర గుంట ఉందేమో చూశావా అని ఎవరైనా అడుగుతారటమ్మా? పెద్ద పెద్ద మిషన్లు ముందేసుకుని కూచున్నాడు, ఆయనకి తెలీదా?"

"చెక్‌పోస్టు వాడికి తన గేటు తెలుస్తుంది. గుంట డ్రైవరుకి తెలియాలి."

మరిది గ్లాసు కింద పెట్టాడు. "వదినా, ప్రొద్దున్నే ఎవరి మొహం చూశావు? మా అన్నయ్యదేనా?" అన్నాడు నవ్వుతూ. "ఈ దారి నాకు అరచేతిలో గీతలా తెలుసు. కళ్ళు మూసుకుని తిప్పుతాను."

"తెలుస్తూనే ఉంది. సోమవారం మూసుకునే తిప్పావుగా," అని ఆమె కొమ్మని కౌంటర్ మీద పడేసింది.

మరిది నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం చూపు అటూ ఇటూ పోయింది. తర్వాత భుజాలెగరేశాడు.

"ఏమిటిది? ఏ పిట్టో గూడు కట్టుకోబోయి ఉంటుంది."

"ఇంత కొమ్మ మోసే పిట్ట ఏదయ్యా? గుర్రమంత పిట్టా? గూడు కట్టుకునే పిట్ట టైరు కింద బెరడు చీల్చుకుంటుందా?"

"చక్రాల్లో సవాలక్ష చెత్త ఇరుక్కుంటుంది. రన్‌వే మీద పడి ఉంటుంది."

"రన్‌వే మీద చెట్లెక్కడివి? గూని వీపు మీద తప్ప ఈ చుట్టుపక్కల ఇంత కొమ్మ ఉన్న చెట్టు చూపించు, ఇప్పుడే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి నువ్వు తిప్పమన్నవైపు తిప్పుతాను."

ఆమె భర్త గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎప్పుడో శుభ్రమైపోయిన చేతులు.

మామగారు కొమ్మ వంక చూడనేలేదు. చూస్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది కదా. గడియారం వంక చూశారు. "కొమ్మా లేదు, రెమ్మా లేదు. ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి. జనం చూస్తున్నారు."

జనం నిజంగానే చూస్తున్నారు. పిల్లలు బంతి ఆపేశారు. కోచ్ లేచి దగ్గరికొచ్చింది. "ఏమ్మా, ఏదైనా ఇబ్బందా? మేం బస్సులో పోవాలంటే ఇప్పుడే చెప్పండి. ఆట పోతే పోయింది."

"ఏ ఇబ్బందీ లేదు, మీరు కూచోండి," అన్నారు మామగారు.

"ఉంది," అంది పెద్దకోడలు. "నేను చెప్పేదాకా ఒక్క పిల్లని కూడా విమానం దగ్గరికి రానివ్వకండి."

అప్పుడు ఆమె చెయ్యి చాచి ఫోన్ అందుకుంది. కంట్రోలర్‌కి మళ్ళీ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల గొంతు అలిసిపోయి ఉంది, కాని మర్యాదగానే ఉంది.

"మేం లేచి ఎడమకి తిరిగితే, మీ తెర మీద మేం ఎప్పుడు కనిపిస్తాం?"

"కొండ పైకి వచ్చాకే మేడమ్. కిందున్నంతసేపూ మీరు నాకు కనపడరు."

"మరి కొండకి తగలకుండా మమ్మల్ని ఎవరు చూస్తారు?"

పిల్లకాయని ఎక్కాలు అడిగినట్టుగా ఉందేమో అతనికి. "మీరే మేడమ్. నేను మీకు వేరే విమానాలు అడ్డు రాకుండా చూస్తాను. కొండ సంగతి పైలట్ చూసుకోవాలి. పుస్తకంలో దారి ఉంది కదా. దాని మీద పోతామని ముందే చెబితే అలాగే రాసుకునేవాణ్ణి. మార్చమంటారా?"

"చెబుతాను, ఉండండి," అని ఆమె పెట్టేసింది.

మామగారి మొహం ఎర్రబడింది. ఆయన తప్పు ఒప్పుకునే మనిషి కాదు. తప్పు కనబడితే దాని మీద కుర్చీ వేసుకుని కూచునే మనిషి. "వాళ్ళు అలాగే అంటారు. తమ మీదకి రాకుండా మాటవరసకి అంటారు. నా కొడుకు మీద నాకు నమ్మకముంది. నీకు భయమైతే దిగిపో అమ్మాయ్. వాడొక్కడే తోలుతాడు. ఒక్కడు తోలొచ్చునని రూల్ ఉంది."

అదే ఆమె భయం కూడా. తను అలిగి ఇంటికి పోతే మరిది ఒక్కడే పిల్లల్ని ఎక్కించుకుని లేస్తాడు. రూలు ఒప్పుకుంటుంది. గూని ఒప్పుకోదు.

ఆమె కోపానికి ఇంకో వేరుంది. ఆమెకి విమానం నేర్పింది ఈ మరిదే. ఆమె ఈ ఇంటికి మెకానిక్ పెళ్ళాంగా వచ్చి, చాలా ఏళ్ళు ఈ కౌంటర్ దగ్గరే టికెట్లు చింపింది. ముప్పై దాటాక నేర్చుకుంటానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వనిది ఇతనొక్కడే. పక్కసీటులో కూచోబెట్టుకుని, చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పాడు. అద్దాలకి కాగితాలు అంటించి, బయట ఏమీ కనపడకుండా చేసి, "వదినా, కన్ను కనపడనప్పుడు కంటి తెలివి వాడకు, మీటరు ముల్లు చెప్పిందే నిజం," అని వెయ్యిసార్లు చెప్పాడు. ఆ మాట చెప్పిన నోరే ఇప్పుడు పిట్టగూడు అంటోంది. తెలియనివాడు తప్పు చేస్తే జాలి పడొచ్చు. తెలిసినవాడు చేస్తే ఏం పడాలి?

"సరే మామయ్యగారూ," అంది ఆమె. గొంతు తగ్గింది. ఆమె గొంతు తగ్గిందంటే భర్త గుడ్డతో చేతులు తుడుచుకోవడం ఆపేస్తాడు. ఇప్పుడూ ఆపేశాడు. "పెట్టెలు దింపొద్దు. పుస్తకం వద్దు. మీ అబ్బాయి ఎడమకే తిప్పుతాడు. నేను కుడిసీటులో నోరు మూసుకుని కూచుంటాను. పిల్లలు ఇక్కడే ఉంటారు. మీరు వచ్చి వెనకసీటులో కూచోండి."

"నేనా? నేనెందుకు?"

"నమ్మకముందన్నారుగా. నమ్మకానికి కూడా ఒక సీటు ఇద్దాం. మీరు అటు దిగి ఫోన్ చేస్తే, మేం తిరిగొచ్చి పిల్లల్ని తీసుకెళతాం."

"టైము దాటిపోదూ!"

"దాటితే ఫోన్ ఉంది, పెద్ద మిషన్లు ముందేసుకున్నాయన ఉన్నాడు. మళ్ళీ ఇస్తాడు. ఏం, బస్సుల రోజుల్లో కొత్త డ్రైవరుని పెట్టుకుంటే ఘాట్ రోడ్డులో మీరే ముందు సీటులో కూచునేవారట కదా. అత్తయ్యగారు కథలు కథలుగా చెప్పేవారు."

కోచ్ గట్టిగానే అంది, "అదీ మాట. యజమాని ఎక్కని బండి మేమూ ఎక్కం."

పిల్లల్లో ఒకతి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆయన పౌరుషానికి తగిలింది. మామగారు లేచారు. చొక్కా కిందికి లాక్కున్నారు. "పద," అన్నారు. "ఈ వయసులో నాకు భయమేమిటి? పదరా!"

మరిది కదల్లేదు. తండ్రి వంక చూశాడు, వదిన వంక చూశాడు. "నాన్నా, మీరెందుకు, మోకాళ్ళ నొప్పి..."

"విమానమేమన్నా మోకాళ్ళతో నడుస్తుందా? పద!"

ఆమె భర్త అడ్డం వచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఇది వద్దు. వాడు నిజంగా తిప్పితే?" అన్నాడు.

"సోమవారం నుంచి మీకు రాని అనుమానం ఇవాళొచ్చిందా?" అంది ఆమె, చెయ్యి విడిపించుకుంటూ. తర్వాత, అతనికి మాత్రమే వినపడేలా, "నా కాళ్ళూ చేతులూ కుడిసీటులో ఉంటాయి. తిప్పనిస్తానా?" అంది.

విమానం రన్‌వే చివరికి దొర్లుకుంటూ వెళ్ళింది. వెనక పంపుల పెట్టెల మధ్య మామగారు ఒక్కరే, బెల్టు బిగించుకుని, బస్సులో కండక్టరులా నిటారుగా కూచున్నారు. ముందు ఎడమసీటులో మరిది, కుడిసీటులో ఆమె. రన్‌వేకి అవతలి కొస కనిపిస్తోంది. బట్టీ గొట్టం ఇప్పుడు మొదలు మాత్రమే కనిపిస్తోంది. ఆపైనంతా తడిసిన దూది.

"లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెడతావు?" అంది ఆమె.

"చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి." పెదాలు కదిలీ కదలనట్టు చెప్పాడు.

"గొట్టం దగ్గర్నుంచి కదా?"

"గొట్టం కనపడదుగా."

"అయితే గట్టిగా పైకే లెక్కపెట్టు. మీ నాన్నకి వినపడాలి. వెనకాల దూరంగా ఉన్నారు కదా. పదో అంకె దగ్గర ఆయన ఎక్కడున్నారో ఆయనకి తెలియాలి."

మరిది చెయ్యి ఇంజన్ మీట మీద ఉంది. ముందుకి తోశాడు. విమానం వణికింది. బ్రేకుల మీద కాళ్ళు అలాగే ఉన్నాయి. ఇంజన్ల హోరు పెరిగింది. ఇంక బ్రేకు వదలడమే తరువాయి. ఆమె రెండు పాదాలూ తన వైపు బ్రేకుల మీద పెట్టే ఉంచింది. అతనికి తెలుసో లేదో.

అతను బ్రేకు వదల్లేదు. మెడ తిప్పి వెనక్కి చూశాడు. తండ్రి కిటికీలోంచి ఎడమ పక్కకి చూస్తున్నారు. కొండ ఉండాల్సిన వైపు. అక్కడ ఏమీ లేదు, తెల్లటి గోడ తప్ప. ముసలాయన రెండు చేతులూ ముందు సీటు వీపుని పట్టుకుని ఉన్నాయి. భయం లేనివాడు అంత గట్టిగా పట్టుకోడు.

మరిది మీట వెనక్కి లాగేశాడు. హోరు తగ్గింది.

"నాన్నా," అన్నాడు. "ఆ కొమ్మ నేను తెచ్చిందే."

వెనక సీటు కిర్రుమంది.

"పది లెక్కపెట్టి తిప్పాను. మెడ మీదుగా పోతున్నాననుకున్నాను. కింద చీపురుతో ఊడ్చినట్టు చప్పుడైంది. అంతే. ఒక్కసారి. తర్వాత పైకొచ్చేశాం. వెనకాల ఎవరికీ తెలీలేదు. ఒక ముసలావిడ నిద్రపోతోంది. ఆ చప్పుడు నాకు అప్పట్నుంచీ..." అని ఆగిపోయాడు. "ఇవాళ మళ్ళీ తిప్పి, ఏం కాదని తేల్చుకుందామనుకున్నాను. అదీ నా తెలివి."

"పిల్లల్ని వేసుకునా?" అంది ఆమె.

అతను తల దించుకున్నాడు.

ఆమెకి జాలి రావాలి. మనిషి ఏడుస్తున్నాడు. కాని ఆమెకి ఆ చీపురు చప్పుడు వినిపిస్తోంది, నిద్రపోతున్న ముసలావిడ కనిపిస్తోంది, జాలికి చోటు లేదు. "తేల్చుకోవడానికి నీకు ఎనిమిదిమంది ఆడపిల్లలు కావాల్సి వచ్చారా? నేర్పేటప్పుడు నా ముందు అద్దాలకి కాగితాలు అంటించావే, గురువుగారూ, నీ మొహం మీద ఎవరు అంటించాలి?"

వెనక బెల్టు ఊడిన చప్పుడైంది. మామగారు వంగి వంగి ముందుకొచ్చారు. కొడుకుని కొడతారనుకుంది. ఆయన కొట్టలేదు. కొడుకు వంక చూడను కూడా లేదు.

"అమ్మాయ్, వెనక్కి తిప్పు. పెట్టెలు దింపిస్తాను," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఆయనకి ఫోన్ చేసి పుస్తకం దారి అని చెప్పు. నువ్వే చెప్పు. నాకు ఆ మాటలు సరిగ్గా రావు," అన్నారు.

షెడ్డు ముందు ఆగాక ఆమె మరిదితో ఒకే మాట అంది. "సీటు మారు."

అతను కుడిసీటులోకి మారాడు. ఆమె కంట్రోలర్‌కి పుస్తకం దారి చెప్పి, కొత్త టైము తీసుకునేసరికి పెట్టెలు దింపుతున్నారు. ఆమె భర్త ఒక పెట్టె మోస్తుంటే, ఇంకో కొస మామగారు పట్టుకున్నారు. మోకాళ్ళు నొప్పని ఎవరూ గుర్తు చెయ్యలేదు. కోచ్ పిల్లల్ని వరసగా తీసుకొచ్చి, ఎక్కే ముందు కిటికీలోంచి తొంగిచూసి, "ఏ దారి?" అని అడిగింది, ఆటోవాణ్ణి అడిగినట్టు.

"చుట్టుదారి," అంది పెద్దకోడలు.

"చుట్టే మంచిది తల్లీ. ఆట ఆలస్యంగా మొదలెట్టిస్తాను."

లేచారు. బట్టీ గొట్టం మొదలు కింద నుంచి జారిపోయింది, వెంటనే అంతా తెల్లబడింది. ఆమె బయటికి చూడలేదు. ముళ్ళనే చూసింది. నది ఎక్కడో కింద ఉంది, గూని ఎక్కడో ఎడమన ఉంది. విమానం తిన్నగా, మొండిగా ఎక్కుతూ పోయింది. పక్కన మరిది ఎత్తు పైకి చదువుతున్నాడు, ఆమె అడగకుండానే. మొదట గొంతు వణికింది. తర్వాత నిలబడింది. ఒకప్పుడు ఆమె చదివితే అతను వినేవాడు.

గూని నెత్తిని మించిన ఎత్తు దాటాక కూడా ఆమె తిప్పలేదు. ఇంకాస్త ఎక్కింది. ఆ తర్వాతే ఎడమకి వాల్చింది. కాసేపటికి మబ్బు చిరిగి వెలుతురు పడింది. పిల్లలు వెనక చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు. కింద మబ్బు నిండుగా పరుచుకుని ఉంది, గూని ఆనవాలు కూడా లేదు.

"వదినా," అన్నాడు మరిది. "ఇది ఎవరికి చెప్పాలి?"

"లైసెన్సు ఇచ్చినవాళ్ళకి. కొమ్మ తగిలిందని, నువ్వు దాచావని, మీ అన్న దాచాడని. అన్నీ."

"లైసెన్సు పోతుంది."

"పోవచ్చు."

"నువ్వు చెబుతావా?"

"నువ్వు చెబుతావు. సాయంత్రంలోపల చెప్పకపోతే నేను చెబుతాను. నా నోటితో విన్నా నీ నోటితో విన్నా వాళ్ళకి ఒకటే. నాకు ఒకటి కాదు."

అతను కిటికీలోంచి కింద మబ్బు వంక చూశాడు. "కోపం ఎప్పటికి తగ్గుతుంది?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

"నువ్వు ముందు ఎత్తు చదువు," అంది ఆమె.

అవతలి ఊళ్ళో దిగి, పిల్లల్ని దింపి, ఆమె షెడ్డుకి ఫోన్ చేసింది. భర్త ఎత్తాడు.

"దిగాం. పిల్లలు బాగున్నారు."

"హమ్మయ్య." అతని ఊపిరి ఫోన్‌లో గాలిలా వినిపించింది. "వాడు?"

"ఉన్నాడు. చెట్టు కింద నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. చాలాసేపట్నుంచి. చెబుతున్నట్టే ఉన్నాడు. మీ పేరు కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి."

"రానీ," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను సోమవారమే నీకు చెప్పాల్సింది," అన్నాడు.

"చెప్పాల్సింది," అంది ఆమె. పరవాలేదులే అనలేదు. పరవా ఉంది కనుక అనలేదు. "ఆ కొమ్మ ఏదీ? పారేశారా?"

"నాన్న తీసుకున్నారు."

"ఏం చేశారు?"

"కౌంటర్ మీద పెట్టుకున్నారు. ఫోన్ పక్కన. ఆకులు రాలుతున్నాయి, తుడవబోతే తుడవనివ్వడం లేదు."

చెట్టు కింద మరిది ఫోన్ చెవినుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. తెల్లచొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయి ఉంది. తిరిగి ఆమె వైపు నడిచి వస్తున్నాడు. ఆమెకి ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

"తిరుగు ప్రయాణానికి కూడా ఎడమసీటు నాదే అని చెప్పండి మీ నాన్నకి," అని ఫోన్ పెట్టేసింది.